గుంటూరు గ్రహణం నుంచి ఓజోను లెక్క దాకా

ఒమాన్ దేశంలో ఇబ్రి అనే ఊరి నుంచి మాట్లాడుతున్నాను. మీలో చాలామంది ఈ పేరు విని ఉండకపోవచ్చు. మస్కట్ నుంచి పడమటి వైపు కారులో మూడు గంటల ప్రయాణం. ఒక పాత కోట, ఒక సూక్, చుట్టూ ఖర్జూరపు తోటలు. అవి దాటితే రబ్ అల్ ఖాలీ, అంటే ‘ఖాళీ ఎడారి’, మొదలవుతుంది. ఇక్కడ ఎండకు కొదవలేదు. 2022లో మా ఊరి దగ్గర 500 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నేను కంప్యూటర్ రంగంలో కన్సల్టెంటుని, శాస్త్రవేత్తను కాను. అయినా ఇంత ఎండలో బతికేవాణ్ణి కాబట్టి, ఎండను చదవడం మనుషులు ఎలా నేర్చుకున్నారో ఈ వారం చెప్పుకుందాం అనుకున్నాను. ఆ కథలో మన గుంటూరు ఉంది, హైదరాబాదు ఉంది, మనందరి ఇళ్ళలోని ఏసీ మిషన్లు కూడా ఉన్నాయి.

మన తెలుగువాళ్ళ సభల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. “హీలియం వాయువును కనిపెట్టింది మన గుంటూరులోనే తెలుసా!” అని. విన్నప్పుడల్లా నాకూ ఛాతీ కాస్త పొంగుతుంది. అయితే అసలు కథ అంతకంటే కొంచెం చిక్కుగా ఉంటుంది, అంతకంటే బాగుంటుంది కూడా.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ నీడ మా అరేబియా పక్కన ఏడెన్ మీదుగా సముద్రం దాటి, దక్కను మీదుగా గుంటూరు, మచిలీపట్నం చేరి, అక్కణ్ణుంచి సయాం దేశానికి వెళ్ళింది. గుంటూరులో చీకటి ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. అంత పొడుగు గ్రహణం అరుదు కాబట్టి దేశదేశాల పరిశీలకులు నీడ దారి పొడుగునా మకాం వేశారు. గుంటూరుకు రెండు బృందాలు వచ్చాయి. ఒకటి మేజర్ టెనెంట్ నాయకత్వంలోని బ్రిటిషు బృందం. రెండోది ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జూల్ జాన్సెన్‌ది. మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళవేత్త పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు.

జాన్సెన్‌కు అప్పుడు 44 ఏళ్ళు. చిన్నప్పటి ప్రమాదం వల్ల కుంటుతూ నడిచేవాడు. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంటి నుంచి స్పెక్ట్రోస్కోపు ఎక్కుపెట్టాడు. చీకటి పడగానే సూర్యుడి అంచున ఎగసిపడే ఎర్రటి జ్వాలల వెలుగును ఆ పరికరంతో చీల్చి చూస్తే మిలమిలలాడే గీతలు కనిపించాయి. అవి మండే వాయువు గీతలు, ముఖ్యంగా హైడ్రోజన్‌వి. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడవచ్చు అనిపించిందాయనకు. మర్నాడు ఆగస్టు 19న మామూలు ఎండలోనే చూశాడు కూడా. అంతవరకూ ఏ గ్రహణానికో కొన్ని నిమిషాలు కనిపించే దృశ్యం ఆ రోజు నుంచి రోజూ చూడగలిగేదయింది. గుంటూరు అసలు గొప్ప అదీ. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన స్వతంత్రంగా ఇదే పని చేశాడు. ఇద్దరి వార్తలూ పారిస్ అకాడమీకి దాదాపు ఒకేసారి అందాయి. ఇద్దరి ముఖాలతో ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఒక పతకం వేయించింది.

మరి హీలియం? ఆ గ్రహణంలో ఒక పసుపు గీతను కొందరు చూశారు. అది సోడియందే అనుకున్నారు. ఆ గీత సోడియందీ కాదు, అప్పటికి తెలిసిన మరే మూలకానిదీ కాదు అన్న ఆలోచన లాకియర్ కృషితో తర్వాత బలపడింది. చివరికి 1895లో రామ్సే భూమి మీది ఒక ఖనిజంలో హీలియంను పట్టుకున్నాడు. కాబట్టి “హీలియం కథకు గుంటూరు మొదటి మెట్లలో ఒకటి” అంటే సరిగ్గా ఉంటుంది.

ఇక్కడిదాకా కొందరికి తెలిసే ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది జాన్సెన్ రెండో పని గురించి. నా దృష్టిలో మన పిల్లల భవిష్యత్తుకు ఎక్కువ అక్కరకొచ్చింది అదే.

దానికి కాస్త వెనక్కి వెళదాం. ఎండను పట్టకం గుండా పంపితే ఏడు రంగుల పట్టీ వస్తుందని బడిలో చదువుకున్నాం. ఆ పట్టీని బాగా సాగదీసి చూస్తే అందులో వందలకొద్దీ సన్నటి నల్లగీతలు ఉంటాయి. 1814లో జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ అనే గాజుల నిపుణుడు వాటిని శ్రద్ధగా లెక్కపెట్టి, ముఖ్యమైన వాటికి ఏ, బి, సి, డి అని అక్షరాలు తగిలించాడు. 1859లో కిర్హాఫ్ వాటి గుట్టు విప్పాడు. ప్రతి వాయువూ తనకు సరిపడే కొన్ని రంగుల్ని మాత్రమే మింగుతుంది. మింగిన చోట నల్లగీత మిగులుతుంది. వేలిముద్ర లాంటిదన్నమాట. ఏ గీత ఉందో చూసి ఏ వాయువు ఉందో చెప్పవచ్చు.

కానీ ఒక చిక్కు ఉంది. ఎండ మన కంటికి చేరే లోపల రెండు వాయుమండలాలు దాటుతుంది. ఒకటి సూర్యుడిది, రెండోది మనది. ఒక గీత కనిపిస్తే అది అక్కడిదా, ఇక్కడిదా? సూర్యుడు దిగంతానికి దగ్గరయ్యే కొద్దీ కొన్ని గీతలు ముదురుతాయని 1830లలోనే బ్రూస్టర్ అనే స్కాట్లాండు శాస్త్రవేత్త గమనించాడు. పొద్దు వాలితే ఎండ ఎక్కువ గాలి గుండా రావాలి కదా. ముదిరేవి మన గాలి గీతలే అయి ఉండాలి.

జాన్సెన్ ఈ సమస్య పట్టుకుని వదల్లేదు. గుంటూరు రాకముందే, జెనీవా సరస్సు ఒడ్డున రాత్రిపూట పెద్ద మంట పెట్టించి, ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి ఆ వెలుగును స్పెక్ట్రోస్కోపుతో చూశాడు. మంటలో లేని గీతలు మధ్యలో గాలివల్ల వచ్చాయి. తర్వాత 1866లో పారిస్‌లోని ఒక గ్యాసు కర్మాగారంలో 37 మీటర్ల గొట్టాన్ని నీటి ఆవిరితో నింపి, దాని గుండా దీపపు వెలుగు పంపాడు. సూర్యకాంతిలో కనిపించే కొన్ని గీతలు అక్కడ ప్రత్యక్షమయ్యాయి. అంటే అవి మన మేఘాల ముడిసరుకు గీతలు! గుంటూరు పని ముగించుకుని సిమ్లా వెళ్ళి కొండల మీద పరిశీలనలు కొనసాగించాడు. 1893లో, డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో, ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ శిఖరం మీద మంచులో ఒక అబ్జర్వేటరీ కట్టించాడు. ఎందుకు? పైకి వెళ్ళేకొద్దీ ఆక్సిజన్ గీతలు పలచబడతాయా, అవి పూర్తిగా మన గాలివేనా అని తేల్చడానికి. ఫ్రౌన్‌హోఫర్ ఏ, బి అని పేరుపెట్టిన గీతలు నిజానికి సూర్యుడివి కావు, మనం పీల్చే ఆక్సిజన్‌వి.

సూర్యుణ్ణి చూడాలనుకునేవాడికి ఈ గాలి గీతలు అడ్డు. అద్దం మీద మరకల్లాంటివి. వాటిని గుర్తుపట్టి పక్కకు తీసేయాలని చూసేవారు. తర్వాతి తరం ఆ మరకల్నే చదవడం మొదలుపెట్టింది. ఒకరికి పనికిరానిది మరొకరికి నిధి అయింది.

ఈ పని ముఖ్యంగా పరారుణ కాంతిలో సాగింది. కంటికి కనిపించని, వేడిగా మాత్రమే తెలిసే కాంతి అది. 1800లో విలియం హెర్షెల్ థర్మామీటరుతో పట్టుకున్నాడు. గాలిలో అతి కొద్దిగా ఉండే వాయువుల్లో చాలావాటి వేలిముద్రలు ఈ కాంతిలోనే స్పష్టంగా పడతాయి. 1939లో అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆర్థర్ ఏడెల్ ఎండను పరారుణంలో పరిశీలించి, మన గాలిలో నైట్రస్ ఆక్సైడ్ ఉందని చెప్పాడు. 1948లో బెల్జియం దేశస్థుడు మార్సెల్ మిజోత్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, ఎండలోనే మీథేన్ గీతల్ని గుర్తించాడు. ఆ మర్నాడే అన్నట్టు కార్బన్ మోనాక్సైడ్‌నూ పట్టుకున్నాడు. ఎవరూ గాలిని సీసాలో పట్టలేదు. నేలమీద నిలబడి సూర్యుడి వైపు పరికరం తిప్పారు, అంతే.

ఒహాయో పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. వేలిముద్ర చూసి దొంగను పట్టాలంటే ముందు పోలీసు స్టేషన్లో వేలిముద్రల దస్త్రం ఉండాలి కదా. అలాగే ఏ వాయువు గీత ఎక్కడ పడుతుందో ప్రయోగశాలలో ముందే కొలిచి పెట్టుకోవాలి. పరారుణ కాంతిలో ఆ ఓపిక పని చేసినవాళ్ళలో ఒహాయో స్టేట్ ఆచార్యులు కె. నరహరి రావు గారు ముఖ్యులు. అప్పట్లో అక్కడ ఏటా జరిగిన అణు స్పెక్ట్రోస్కోపీ సదస్సును ఆయన దశాబ్దాల పాటు నడిపారు. బాగా ప్రసంగించిన విద్యార్థులకు ఆ సదస్సులో ఇచ్చే బహుమతి పేరు ‘రావు ప్రైజ్’. అమెరికాలో ఉన్న శ్రోతల పిల్లలెవరైనా ఫిజిక్సో, కెమిస్ట్రీయో చదువుతుంటే ఈ పేరు చెప్పండి.

మిజోత్ ఊరికి తిరిగివెళ్ళాక 1950, 51 సంవత్సరాల్లో స్విట్జర్లాండులో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే కొండ కనుమ మీద, 3,580 మీటర్ల ఎత్తున, తన పరికరం పెట్టాడు. అక్కడికి రైలు వెళుతుంది, మీలో కొందరు సెలవుల్లో చూసే ఉంటారు. అంత ఎత్తుకు ఎందుకంటే పరారుణ కాంతికి నీటి ఆవిరి పెద్ద శత్రువు, చలికొండ మీద అది తక్కువ. ఆయన సూర్యుడి పరారుణ వర్ణపటాన్ని కాగితాల మీద గీయించి ఒక అట్లాసుగా అచ్చువేశారు. అప్పటికి దానివల్ల ప్రపంచానికి ఏం లాభమో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మన ఇంట్లోకి వద్దాం. గల్ఫులో ఉండేవాళ్ళకు బాగా తెలిసిన మాట: “సార్, గ్యాస్ తగ్గిపోయింది, నింపాలి.” ఏసీ మెకానిక్ చెప్పగానే డబ్బులిచ్చి నింపించుకుంటాం. తగ్గిన గ్యాసు ఎక్కడికి పోయింది అని అడగం. ఒకప్పుడు ఫ్రిజ్‌లలో, కార్ల ఏసీల్లో, స్ప్రే డబ్బాల్లో ఉన్నవి క్లోరోఫ్లోరోకార్బన్లు. మంటపట్టవు, విషం కావు, దేనితోనూ కలవవు. ఆ సాధుస్వభావమే కొంప ముంచింది. కింద ఏదీ వాటిని విరగ్గొట్టలేదు కాబట్టి దశాబ్దాలు బతికి, నెమ్మదిగా స్ట్రాటో ఆవరణంలోకి చేరతాయి. కొన్నిటి ఆయుర్దాయం వందేళ్ళు. పైన గట్టి అతినీలలోహిత కాంతి తగిలి విరిగి, క్లోరిన్ బయటపడుతుంది. ఆ క్లోరిన్ ఓజోనును తింటుంది. 1974లో మొలీనా, రోలండ్ ఈ ప్రమాదం చెప్పారు. ఓజోను పొర పోతే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు, పంటలకు నష్టం. ఆ పొర మొత్తాన్ని నేల దగ్గరి ఒత్తిడిలోకి తెచ్చి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం మాత్రమే. మనందరికీ ఉన్న గొడుగు అంతే.

కంపెనీలవాళ్ళు ఊరుకుంటారా? రుజువు చూపించమన్నారు. క్లోరిన్ సముద్రపు ఉప్పులోనూ ఉంది, అగ్నిపర్వతాల పొగలోనూ ఉంది, మా తప్పేముంది అన్న వాదనలు వచ్చాయి. ఇక్కడ ఎండ సాక్ష్యం చెప్పింది. క్లోరోఫ్లోరోకార్బన్లు పైన విరిగితే క్లోరిన్ చాలావరకు హైడ్రోజన్ క్లోరైడ్‌గా, ఫ్లోరిన్ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా తేలతాయి. రెండింటి గీతలూ పరారుణంలో కనిపిస్తాయి. స్ట్రాటో ఆవరణంలో ఫ్లోరైడ్‌కు సహజమైన ఆధారం దాదాపు లేదు. అది ఏటేటా పెరుగుతోందంటే అది మనిషి చేతి పనే. 1970ల నుంచి బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం వారు, రోడోల్ఫ్ జాండర్ తదితరులు, అదే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మీద ఈ రెండింటినీ కొలుస్తూ వచ్చారు.

పరికరం కూడా మారింది. ఇప్పటి యంత్రం వచ్చిన ఎండను రెండు పాయలుగా చీలుస్తుంది. ఒక పాయ కదలని అద్దం నుంచి, రెండోది ముందుకూ వెనక్కూ జరిగే అద్దం నుంచి తిరిగివచ్చి కలుస్తాయి. ఆ కలయికలో అన్ని రంగుల సమాచారమూ ఒకేసారి కలగాపులగంగా నమోదవుతుంది. దాన్ని విడదీయడానికి ఫూరియే గణితం కావాలి. 1965లో కూలీ, టూకీ చెప్పిన వేగవంతమైన పద్ధతి వచ్చాక కంప్యూటరుకు అది సులువైంది. మనం ఫోనులో వినే ఎంపీ3 పాట వెనకాల ఉన్నది కూడా ఈ గణితానికి చుట్టమే.

“నేలమీద కూర్చుని, ఆ వాయువు ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఉందని ఎలా తెలుస్తుంది?” అని అడగవచ్చు. గీత ఆకారం చెబుతుంది. కింద గాలి చిక్కన. పెళ్ళిపందిట్లో జనంలా అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఆ తోపులాటవల్ల గీత వెడల్పవుతుంది. పైన గాలి పలచన, తోపులాట తక్కువ, గీత సూదిలా సన్నగా ఉంటుంది. వెడల్పాటి పునాది మీద సన్నటి మొన ఉంటే, మొన పైవాయువుది, పునాది కిందివాయువుది అని లెక్క కట్టవచ్చు.

1985లో బ్రిటిషు బృందం అంటార్కిటికా మీద ఓజోను చిల్లు గురించి ప్రకటించింది. మర్నాటి ఏడు 1986లో సూసన్ సోలమన్ నాయకత్వంలో అమెరికన్లు మెక్‌మర్డో కేంద్రానికి వెళ్ళారు. వాళ్ళలో ఒక జట్టు ఇదే రకం పరారుణ పరికరంతో ఎండను కొలిచింది. మామూలుగా క్లోరిన్‌ను కట్టిపడేసి ఉంచే హైడ్రోజన్ క్లోరైడ్ అక్కడ తగ్గిపోయి కనిపించింది. అంటే క్లోరిన్ కట్లు తెంచుకుని ఓజోను మీద పడిందన్నమాట. ఇతర కొలతలతో కలిసి ఈ సాక్ష్యం నిలిచింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. భారతదేశం 1992లో చేరింది.

ఈ సమయంలోనే హైదరాబాదు కథ నడిచింది. మన నగరంలో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అహ్మదాబాదులోని ఫిజికల్ రిసెర్చ్ లేబరేటరీ వారు, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థవారితో కలిసి, 1980ల మధ్య నుంచి 1990ల దాకా ఇక్కడి నుంచి పెద్ద బెలూన్లు ఎగరేశారు. వాటికి విపరీతంగా చల్లబరచిన లోహపు సీసాలు కట్టారు. ఒక్కో ఎత్తున ఒక్కో సీసా తెరుచుకుని అక్కడి గాలిని గడ్డకట్టించి పట్టుకుంటుంది. కిందికి దించి ప్రయోగశాలలో విడదీస్తారు. కింద నుంచి పైకి చేరే గాలిలో ఎక్కువ భాగం ఉష్ణమండలం మీదుగానే వెళుతుంది. ఆ ప్రాంతపు స్ట్రాటో ఆవరణంలో ఈ ఏసీ వాయువులు ఎంతెంత ఉన్నాయో తెలిపిన తొలి కొలతల్లో హైదరాబాదువి ఉన్నాయి. బెలూను ఒక రోజు సంగతి అన్ని ఎత్తులలోనూ కచ్చితంగా చెబుతుంది. ఎండ పరికరం మబ్బు లేని ప్రతి రోజూ చెబుతుంది. రెండూ కావాలి.

ఇలాంటి కేంద్రాలను కలిపి 1991లో ఒక అంతర్జాతీయ వలయం మొదలుపెట్టారు. ధ్రువాల నుంచి హవాయి దాకా అందరూ ఒకే పద్ధతిలో కొలుస్తారు. ఫలితం? 1990ల చివరికల్లా హైడ్రోజన్ క్లోరైడ్ పెరగడం ఆగి, తగ్గడం మొదలైంది. అత్యధికంగా ఉన్న రోజుల్లో కూడా పైన క్లోరిన్ మొత్తం వంద కోట్ల అణువులకు నాలుగు కంటే కాస్త తక్కువే. అంత కొద్దిపాటి దాని తగ్గుదలను నేలమీద నుంచి కొలవగలిగారు. తర్వాత 2007 నుంచి కొన్నేళ్ళు ఉత్తరార్ధగోళంలో అది మళ్ళీ పెరగడం చూసి కంగారుపడ్డారు. ఎవరైనా దొంగతనంగా తయారుచేస్తున్నారా? అన్ని కేంద్రాల లెక్కలూ పోల్చి చూసి, అది కొత్త కాలుష్యం కాదు, పై గాలుల ప్రవాహంలో వచ్చిన మార్పు అని 2014లో తేల్చారు. ఏళ్ళ తరబడి తెగకుండా రాసిన పద్దు లేకపోతే ఆ తేడా తెలిసేది కాదు.

మా వృత్తిలో పాత డేటా అంటే అందరికీ విసుగు. కొత్త సర్వర్లకు మారేటప్పుడు నేను వినే మొదటి ప్రశ్న, “ఈ పాతవన్నీ ఎందుకండీ, తీసేయొచ్చు కదా?” అప్పుడు నాకు మిజోత్ కాగితాలు గుర్తొస్తాయి. దశాబ్దాల తర్వాత జాండర్ బృందం ఆ 1950-51 నాటి గీతల్ని మళ్ళీ తీసి, కొత్త లెక్కలతో చదివింది. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ నాలుగు దశాబ్దాల్లో ఎంత పెరిగాయో అప్పుడు బయటపడింది. 1951 నాటి గాలిని ఇప్పుడు ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. కానీ ఆ రోజు ఆ గాలి గుండా వచ్చిన ఎండ కాగితం మీద మిగిలింది.

2022లో ఐక్యరాజ్యసమితి నిపుణులు వేసిన అంచనా ప్రకారం, ఇప్పటి నియమాలు పాటిస్తే ఓజోను పొర ప్రపంచంలో చాలాచోట్ల 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి చేరుతుంది. అంటే ఇప్పుడు బడికి వెళుతున్న మన పిల్లలు అది పూర్తిగా మానడాన్ని చూస్తారు. మానిందని చెప్పగలగాలంటే మాత్రం అప్పటిదాకా ఎవరో ఒకరు రోజూ ఎండను కొలుస్తూ, పద్దు రాస్తూ ఉండాలి. ఇలాంటి కేంద్రాలకు ఏటేటా డబ్బు దొరకడం తేలిక కాదు. కొత్తది కనిపెట్టినవాడికి పతకాలు వస్తాయి, పద్దు రాసేవాడి గురించి పేపర్లో రాయరు.

అందుకని శ్రోతలకు రెండు చిన్న విన్నపాలు. ఈసారి ఏసీ మెకానిక్ వచ్చి గ్యాసు తగ్గిందంటే, నింపే ముందు కారుతున్న చోటు వెతికి మూయమనండి. పాత గ్యాసును గాలిలోకి వదలకుండా పట్టి ఉంచమనండి. అలాగే పిల్లలకు గుంటూరు గ్రహణం కథ చెప్పినప్పుడు జాన్సెన్ గొట్టంలోని నీటి ఆవిరి గురించి, మంచుకొండ మీది గది గురించి కూడా చెప్పండి. ఇబ్రి నుంచి, సెలవు.